రేపు సేవ్ చేద్దామనుకున్న లైను

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలోనే సరిత మీద నాకు ఫిర్యాదు తెస్తారు. "రూటర్లో ఏదన్నా మారిస్తే ఒక రోజు నడవనిచ్చి, బాగుంటేనే సేవ్ చేయాలి కదా మేడం. సరిత మేడం మాత్రం లైను రాంగనే సేవ్ చెయ్యమంటది. చేసేదాకా కుర్చీల నుంచి లేవనియ్యది" అంటారు. "చెయ్యమంది కదా, చెయ్యండి. చేతులేమన్నా అరిగిపోతాయా?" అని కసురుతాను. ఈ నీరజ నోట్లో పడొద్దని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సగం మందికి తెలుసు. వాళ్ళు మళ్ళీ అడగరు. సరిత అలా ఎందుకంటుందో ఊరికే వాళ్ళకు చెప్పే సంగతి కాదు. ఇక్కడైతే చెబుతాను.

సరిత పుట్టిల్లు నారపల్లి. వాళ్ళ చెలక పొలాలన్నీ ప్లాట్లయ్యే రోజుల్లో డిగ్రీ చదివింది, హబ్సిగూడలో కంప్యూటర్ కోర్సు చేసింది. ఉప్పల్ పాత ఊరిలో ఉండే సిద్దయ్య కోడలయింది. సిద్దయ్య ఒకప్పుడు చెరువు కింద కూరగాయలు పండించేవాడు. ఆ మడి మీద అపార్ట్‌మెంట్ లేచాక దాని కిందే కొట్టు పెట్టుకుని పాల ప్యాకెట్లు అమ్మేవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు సాయి కుమార్ మా దగ్గర నెట్‌వర్క్ టెక్నీషియన్.

మాది పశువుల టీకాలు తయారుచేసే కంపెనీ. టీకాలు చలిలో ఉండాలి. జిల్లాల్లో ఉన్న మా డిపోల్లో ఫ్రీజర్ల చలి ఎంతుందో నాచారంలోని మా తెర మీద ఎప్పటికప్పుడు కనబడాలి. అది ఫ్రేమ్ రిలే అనే లైను మీద వచ్చేది. ఫ్రేమ్ రిలే అంటే టెలిఫోను వాళ్ళు అద్దెకిచ్చే దారి. ఒక్క తీగ మీదే ఎన్నో దారులు పోతాయి, ఒక్కో దారికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు మన రూటర్ పెట్టెలో ఎక్కిస్తే అవతలి ఊరు పలుకుతుంది. ఊరంతా బ్రాడ్‌బ్యాండ్‌కు మారినా మా యజమానులు ఆ పాత లైన్లను వదల్లేదు. ఉన్నది నడుస్తోంది కదా అనేవారు.

సాయి కుమార్ తక్కువ మాట్లాడే మనిషి. మనుషులతోనే తక్కువ, రూటర్‌తో బాగానే మాట్లాడేవాడు. పొద్దున రాగానే దాని నెత్తి మీద అరచెయ్యి పెట్టి "పాణం మంచిగున్నదా?" అని అడిగేవాడు. "నన్ను ఒక్కరోజన్నా అలా అడిగావా?" అని నేను ఏడిపిస్తే తల గోక్కుంటూ నవ్వేవాడు. వరంగల్ డిపోను కొత్త బిల్డింగులోకి మార్చిన రోజున లైను నంబర్లు కూడా మారాయి. సాయంత్రం దాకా కూర్చుని కొత్త నంబరు ఎక్కించి, డిపో వచ్చిందని చూసుకుని, బండి మీద ఇంటికి బయల్దేరాడు. ఉప్పల్ రింగురోడ్డు దాటలేదు. ఏదో లారీ. ఇంకేం చెప్పను.

మా మేనేజర్ ఉమామహేశ్వర్ గారు ప్రభుత్వరంగ సంస్థలో ఇంజినీరుగా చేసి వచ్చినవారు. అంతా పద్ధతి ప్రకారం జరగాలి ఆయనకు. భర్త ఉద్యోగం సరితకు ఇప్పించింది ఆయనే, షరతు పెట్టిందీ ఆయనే. ప్రొబేషన్ అయ్యేలోగా ఎవరి సాయమూ లేకుండా ఒక లైను నిలబెట్టి చూపించాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు. సరితకు ఆ జీతం కావాలి. ఇంట్లో అత్త ఈరమ్మకు కీళ్ళనొప్పులు, చిన్నపాప ఇంకా బడికి కూడా పోవడం లేదు. జీతం ఒక్కటే కాదు, సాయి కుమార్ కూర్చున్న కుర్చీని వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు. నాతో ఆ మాట ఒక్కసారే అంది, నేను మర్చిపోలేదు.

సిద్దయ్య ఆమెను బండి ఎక్కనిచ్చేవాడు కాదు. కొడుకు పోయినప్పటి నుంచి ప్రతి సాయంత్రం బస్సులో వచ్చి మా గేటు దగ్గర నిలబడి, కోడల్ని వెంటబెట్టుకుని పోయేవాడు. లోపలికొచ్చి కూర్చోమంటే "వద్దు బిడ్డా, గిక్కడనే నిమ్మలం" అనేవాడు.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. రూటర్లో మనం టైపు చేసింది వెంటనే పనిచేస్తుంది. సేవ్ కొట్టేదాకా మాత్రం దానికి గుర్తుండదు. కరెంటు తీసి మళ్ళీ పెడితే, అంతకుముందు సేవ్ చేసిన చోటికే వెళ్ళిపోతుంది. అందుకే ఉమామహేశ్వర్ గారు ఏ మార్పయినా ఒక రోజు నడిచాకే సేవ్ చేయమనేవారు. తేడా వస్తే పెట్టెను ఆపి మళ్ళీ వేస్తే చాలు, పాతది తిరిగొస్తుంది. మంచి నియమమే. దాన్ని తప్పుపట్టను. ఆ నియమం వల్లే మా దగ్గర ఏ లైను మొరాయించినా ఎవరైనా ముందు చేసే పని పెట్టెను ఆపి వేయడం. సరితకు మొదటి రోజు నేను నేర్పిందీ అదే.

మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా గోతులు తీసిన రోజులవి. ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. నేల కింద తీగలు తడిశాయేమో, వరంగల్ డిపో తెర మీద వస్తూ పోతూ ఉంది. సర్వర్ రూములో సరిత ఒక్కతే ఉంది. కాసేపు చూసి, అందరూ చేసేదే చేసింది. పెట్టెను ఆపి మళ్ళీ వేసింది. వాన తగ్గింది, తీగ కుదుటపడింది, దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. డిపో మాత్రం రాలేదు.

నేను అన్నం డబ్బా మూసి వెళ్ళేసరికి ఉమామహేశ్వర్ గారు ఆమె వెనక నిలబడి తెర చూస్తున్నారు. పైన, ఈ సెట్టింగులు చివరగా ఎప్పుడు సేవ్ అయ్యాయో తేదీ ఉంటుంది. ఆ తేదీ డిపో మారడానికి ముందుది. చెప్పాలా వద్దా అని నేను తేల్చుకునేలోగా ఆయన వానలు పడుతున్నాయన్నంత మామూలుగా అనేశారు.

"సాయి ఆ రోజు చేసిన మార్పు సేవ్ కాలేదన్నమాట. మర్నాడు చేద్దామనుకుని ఉంటాడు. ఇన్ని నెలలూ పెట్టెను ఆపే అవసరం రాక అలాగే నడిచింది."

సరిత తెర వైపే చూస్తూ అడిగింది. "అంటే ఆయన చేసిన పని ఇప్పటిదాంక ఇందుల ఉండెనా సార్?"

"ఉంది."

"నేను ఆఫ్ జేస్తె పోయింది."

అప్పుడర్థమైంది ఆ మహానుభావుడికి తానేమన్నాడో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చదువు చదివారు, నోరు ఎప్పుడు మూసుకోవాలో ఎవరూ నేర్పలేదా అని అడిగేసేదాన్నే. ఆయన గొంతు తగ్గించి, "నీ స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళమ్మా" అన్నారు. నిజమే. నేనున్నా అదే చేసేదాన్ని. ఆ మాట ఆమెకు ఏ మూలకు సరిపోతుంది?

నేను కుర్చీ లాక్కుని కూర్చోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు ముట్టుకోవద్దు నీరజా. ఇది ఆమె చెయ్యాలి."

"ఇవాళా సార్, పరీక్ష?"

ఆయన నన్ను తలుపు దాకా తీసుకెళ్ళారు. "శుక్రవారంతో ప్రొబేషన్ అయిపోతోంది. పైవాళ్ళు ఆ కుర్చీకి వేరే మనిషిని చూసిపెట్టారు. మనం చేసిపెట్టామని తెలిస్తే నేను ఆమె తరఫున ఒక్క మాట మాట్లాడలేను" అన్నారు మెల్లగా. తిరిగొచ్చి చేతులు కట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను.

సరిత వరంగల్ డిపోకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అక్కడ దుర్గేష్ ఉంటాడు. సాయి కుమార్‌ను అన్నా అనేవాడు కాబట్టి ఈమెను వదినా అంటాడు.

"దుర్గేష్, లైను పడిపోయింది. ఫ్రీజర్లు మంచిగున్నయా?"

"మంచిగనే ఉన్నయి వదినా. థర్మామీటర్ నేను సూస్తుంట, నువ్వేం ఫికర్ పడకు."

"నీ దిక్కు లైను నంబర్ ఎంతున్నది?"

"నూట రెండు."

టైపు చేస్తుంటే తప్పులొచ్చి సరిత రెండుసార్లు చెరిపింది. పాత నంబరు తీసేసి నూట రెండు ఎక్కించింది. అవతలి పెట్టె వేరే కంపెనీ తయారీ కాబట్టి ఇవతల ఒక సెట్టింగు మార్చాలి, అది మర్చిపోకుండా మార్చింది. డిపో రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది. రాలేదు.

తప్పెక్కడుందో నాకు కనబడుతూనే ఉంది. కొత్తవాళ్ళందరూ అక్కడే పడతారు. లైను ఒకటే కదా, రెండు కొసల్లోనూ ఒకే నంబరు ఉంటుందనుకుంటారు. చెప్పడానికి ఒక్క ముక్క చాలు. పళ్ళు బిగపట్టి నిలబడ్డాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది లేదు.

సరిత టైపు చేయడం ఆపేసింది. రూటర్‌ను అడిగితే, టెలిఫోను ఎక్స్‌ఛేంజి మన వైపు ఏయే నంబర్లు ఇస్తోందో చూపిస్తుంది. ఆ పట్టిక తెరిచింది. నూట రెండు ఎదురుగా అలాంటిది ఎక్స్‌ఛేంజిలో లేదని ఉంది. కింద రెండువందల ఒకటి, ఎవరూ వాడటం లేదని ఉంది. దాన్నే చూస్తూ ఫోను దగ్గరికి జరుపుకుంది.

"దుర్గేష్, వరంగల్ల మా దిక్కు వచ్చే బస్సుకు ఏం బోర్డుంటది?"

"ఉప్పల్ అని ఉంటది. ఏంది వదినా, బస్సెక్కి వస్తవా ఏంది?"

"గదే బస్సు మా ఉప్పల్ నుంచి మల్లొచ్చేటప్పుడు?"

"వరంగల్ అని పెడ్తరు."

"బస్సు ఒక్కటే. మీకు మీ బోర్డు, మాకు మా బోర్డు" అంది, మాతో కాదు, తనలో తనే. నూట రెండు తీసేసింది. రెండువందల ఒకటి ఎక్కించింది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ నంబరు పక్కన యాక్టివ్ అని పడింది. ఫ్రీజర్ల అంకెలు ఒక్కొక్కటే తెర మీదికి రాసాగాయి.

"వచ్చింది వదినా" అన్నాడు దుర్గేష్. కాస్త ఆగి, "అన్న ఉన్నప్పటి లెక్కనే వచ్చింది" అన్నాడు.

ఉమామహేశ్వర్ గారు ఊపిరి వదిలారు. నిజం చెప్పాలంటే ఆయన ముఖం నాకంటే ఎక్కువ పాలిపోయి ఉంది. "బాగా చేశావమ్మా. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను, ఈ కుర్చీ నీదే. ఇవాళ్టికి నడవనీ. రేపు చూసి సేవ్ చేద్దువుగాని."

సరిత చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి.

"రేపంటే వద్దు సార్. ఆయన గూడ రేపు జేద్దామనే ఇంటికి ఎల్లిండు."

ఆమె సేవ్ కొట్టింది. తెర మీద ఓకే అని పడేదాకా కళ్ళార్పకుండా చూసింది. తర్వాత అరచెయ్యి రూటర్ నెత్తి మీద పెట్టి, తల బల్ల మీద వాల్చి ఏడ్చింది. దినాలనాడు కూడా అంత ఏడవలేదు ఆ పిల్ల. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. అన్ని నెలలు ఆ మనిషి చేతిపని మా ఎదురుగానే నడిచింది, రోజూ దాని పక్కనుంచే నడిచాం, మాలో ఒక్కరికీ తెలియలేదు.

సాయంత్రం ఆమెను ఒంటరిగా పంపబుద్ధి కాక గేటు దాకా నేనూ వెళ్ళాను. సిద్దయ్య గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. కోడలి కళ్ళు చూసి భయపడ్డాడు.

"ఏమాయె బిడ్డా? కొలువు తీసేసిన్రా?"

"లేదు మామా. కొలువు ఉన్నది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన చివరికి పెట్టిన లైను, ఆయన పోయినంక గూడ నడిసింది మామా. ఇయ్యాల్టిదాంక. తెల్వక నేనే బంద్ జేసిన. మల్ల నేనే పెట్టిన."

సిద్దయ్యకు ఫ్రేమ్ రిలే తెలియదు, సేవ్ చేయడం తెలియదు. ఒక్క ముక్క మాత్రం తెలిసింది.

"ఇయ్యాల్టిదాంకనా?"

"ఊ."

ఆయన మా బిల్డింగు వైపు చూశాడు. ఏ కిటికీ వైపు చూడాలో తెలియక అన్నిటినీ చూశాడు.

"దినాం గీ గేటు కాడనే నిలవడితి గద బిడ్డా. ఎవలన్న చెప్తె, ఒక్కపారి లోపలికొచ్చి సూసుకుంటుంటి."

మాకే తెలియదు పెద్దాయనా అని చెబుదామనుకున్నాను.