మూడు రెక్కల తాంబేలు

ఇది పదేళ్ల కిందటి మాట. అప్పటికి నేను ఒడిశాలో ఛత్రపూర్‌కి కొంత దూరంలో ఉన్న ఒక చిన్న జూలో ప్రిపరేటర్‌గా చేరి ఎనిమిదేళ్లయింది. ప్రిపరేటర్ అంటే చచ్చిపోయిన జంతువుల చర్మాన్నో, ఎముకల్నో పాడవకుండా సిద్ధం చేసి, జనం చూసి తెలుసుకోవడానికి నిలబెట్టే మనిషి. నేను బరంపురంలో పప్పుల కొట్టు నడిపే ఇంట్లో పుట్టినదాన్ని. మా అమ్మ చుట్టాలకి నాది "జూలో ఆఫీసు పని" అని చెప్పేది. నేనూ సరిదిద్దేదాన్ని కాదు.

మాఘమాసం చివర్లో ఫారెస్టు జీపులో ఒక సముద్రపు తాబేలు వచ్చింది. ఆర్యపల్లి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లీ. గుడ్లు పెట్టడానికి మందలు మందలుగా మా తీరానికి వచ్చే జాతి. చట్టం కాపాడే జంతువు కాబట్టి, చచ్చినదాన్ని ఉంచుకోవాలన్నా రాతపూర్వకంగా అనుమతి కావాలి. ఆ కాగితం కూడా జీపులోనే వచ్చింది. మా వెటర్నరీ డాక్టరుగారు కోసి చూశారు. ఎందుకు చచ్చిపోయిందో తేల్చలేకపోయారు. కడుపులో గుడ్లున్నాయి. అండాశయం మీది పాత మచ్చలు చూపించి, ఇది అంతకుముందు కూడా గుడ్లు పెట్టిందని చెప్పారు.

అక్కణ్ణించి పని నాది. మొదట మాసరేషన్, అంటే కండ ఊడి వచ్చేదాకా ఎముకల్ని నీళ్లలో నానబెట్టడం. ఆ వాసన గురించి చెప్పకపోవడమే మంచిది. తర్వాత కొవ్వు తీయడం, కడగడం, ఎండబెట్టడం, చివరికి తీగలతో ఒక్కో ఎముకనీ దాని చోట కూర్చడం. రెండు నెలలు దాటింది.

ముందువైపు ఎడమ ఫ్లిప్పర్, అంటే ఈతకి తెడ్డులా వాడుకునే రెక్క, లేదు. ఆ పక్కంతా కుళ్లిపోయి ఉండడంతో ఒడ్డున కుక్కలు లాక్కుపోయాయనుకున్నాం. శుభ్రం చేశాక చూద్దును కదా, ముంజేతి ఎముకలు రెండూ సగంలో ఆగిపోయి, కొసలు అరిగిన సబ్బుముక్కల్లా గుండ్రంగా ఉన్నాయి. పాత గాయం. ఎప్పుడో మానిపోయింది.

మా ఆఫీసరుగారు అస్థిపంజరం చుట్టూ తిరిగి చూశారు. "పిల్లలు విరిగిన బొమ్మ అనుకుంటారమ్మా. కుడిదాన్ని చూసి ప్లాస్టర్‌తో ఎడమది చేసి పెట్టండి" అన్నారు ఒడియాలో. నాకూ అదే సబబనిపించింది. అన్ని ఎముకలతో నిండుగా నిలబెట్టడమే మా పనిలో గొప్ప అనుకునే రోజులవి.

ప్లాస్టర్ పని మొదలుపెట్టక ముందే, చుట్టుపక్కల ఊళ్ల మత్స్యకారులని పిలిచి మా జూలోనే తాబేళ్ల గురించి సమావేశం పెట్టారు. అయ్యాక అందరూ టీకి వెళ్లారు. అరవై దాటిన ఒకాయన మాత్రం అస్థిపంజరం ఉన్న గాజు పెట్టె దగ్గరే ఉండిపోయాడు. పేరు కొర్లయ్య, ఊరు ఆర్యపల్లి.

"దీని రెక్కేటయింది, అమ్మా?"

"తెగిపోయింది, బాబాయ్. పాత దెబ్బ."

"పాతదని ఎలాగ తెలుస్తాది?"

నేను పెట్టె తలుపు తీసి ఆయన వేలిని ఆ కొస మీద పెట్టించాను. "అప్పుడే తెగుంటే గరుగ్గా ఉండేది. ఇది చూడు, నున్నగా మూసుకుపోయింది. తెగాక ఏళ్ల తరబడి బతికితేనే ఎముక ఇలా అవుతుంది."

ఆయన వేలు తీయలేదు. "నాను కోసేనమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"వల్లో పడింది తాంబేలు. గాలి లేసింది, పడవ ఒరిగిపోతంది. వల కోసెస్తే సరిపోను. కొత్త వల గదా, కొయ్యడానికి సెయ్యాడ్లేదు. దాని రెక్క కోసేసేను. నీల్లల్లో పడ్డాది, మరి కనబళ్లేదు. మరసటేడు మా పెద్దోడు జొరమొచ్చి పోయేడు. ఎనిమిదేల్లు. మా ఆడది అంది, నువ్వు తాంబేలు సెయ్యి నరికేవు, దేవుడు మన సెయ్యి నరికేడని. ఒక్కపాలే అంది. మరెప్పుడూ అన్లేదు. అనకపోతే మాత్రం, ఇంట్లోన ఉంటాది గదా ఆ మాట."

తర్వాత నా వైపు తిరిగాడు. "ఇది అదేనా అమ్మా?"

అవునని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "ఏ రెక్క కోసేవో గుర్తుందా?" అని అడిగాను.

"ఇరవై రెండేల్లయింది. కలలోన ఒకపాలి ఎడమది, ఒకపాలి కుడిది."

"అయితే ఇదే అదని నేను చెప్పలేను, బాబాయ్. ఎవరూ చెప్పలేరు. తెగినవన్నీ బతుకుతాయనీ చెప్పలేను. కానీ ఇది బతికింది. ఈదింది, గుడ్లు పెట్టింది. అది మాత్రం ఖాయం."

ఆయన తల ఊపాడు. టీకి వెళ్లలేదు. తిన్నగా గేటు వైపు నడిచాడు.

ఆ సాయంత్రమే ఆఫీసరుగారి గదికి వెళ్లి ప్లాస్టర్ రెక్క వద్దన్నాను. కొర్లయ్య పేరు చెప్పకుండా జరిగింది చెప్పాను. "మరి బోర్డు మీద ఏం రాస్తారు?" అన్నారు. ఒడియా, ఇంగ్లీషులతో పాటు మొదటిసారి తెలుగులో కూడా రాసి చూపించాను: "ఈ తాబేలు రెక్క బతికుండగానే తెగింది. గాయం మానింది. తర్వాత ఎన్నో ఏళ్లు బతికి గుడ్లు పెట్టింది. రెక్క ఎలా తెగిందో, ఇది ఎలా చనిపోయిందో మాకు తెలియదు."

"తెలియదని మనమే రాసుకుంటామా?"

"తెలియదు కదా, సార్."

కాసేపు పెన్ను ఆడించి సంతకం పెట్టారు.

కొన్ని వారాల తర్వాత కొర్లయ్య మళ్లీ వచ్చాడు, భార్య పోలమ్మతో. ఆమెకి చదువు రాదు. బోర్డు నేనే చదివి వినిపించాను.

"ఎన్నాల్లు నొప్పెట్టుంటాది?" అంది.

"తెలీదు, పిన్నీ."

"మూడు రెక్కల్తోటి తిన్నగా ఎల్లగల్దేటి?"

"కష్టపడే వెళ్లుంటుంది."

ఆమె గాజు మీద అరచెయ్యి ఆన్చింది. మొగుడి వైపు చూడకుండానే, "పెద్దోడికీ నీల్లంటే ఎంత సరదాయో" అంది.

కొర్లయ్య ఉలిక్కిపడ్డాడు. ఆమె వాడి ఊసెత్తి ఎన్నో ఏళ్లయిందని తర్వాత నాతో చెప్పాడు. ఆ క్షణాన మాత్రం, "ఒడ్డుకి లాక్కొస్తే ఏడిసీవోడు" అన్నాడు.

"నీకేటి తెలుసు, సంద్రంలోకి ఎల్లిపోయీవోడివి. లాక్కొచ్చీదాన్ని నాను."

అలా ఒకరితో ఒకరు అనుకుంటూనే ఇద్దరూ బస్సుకి బయల్దేరారు.

అంతకుముందు నా బల్ల మీదికి ఏ జంతువు వచ్చినా ఎలా చచ్చిందనే వెతికేదాన్ని. ఇప్పుడు ముందుగా మానిన గాయాలు చూస్తాను: అతుక్కున్న పక్కటెముక, వంకరగా కలిసిన కాలు. కనబడ్డవన్నీ బోర్డు మీద రాస్తాను. పెట్టె ముందు నిలబడే మనిషి ఏం మోసుకుని వచ్చాడో మనకి తెలియదు. అందుకే ఎముక చెప్పినదానికి నేను ఒక్క మాట కలపను, ఒక్క మాట దాచను.