ముప్పయ్యో రోజున వచ్చిన పిల్లి

నా చిన్నప్పుడు మా తాతయ్య నలభై రెండు రోజులు వేటకు వెళ్ళలేదు. ఈ లెక్క నాదే. నాయనమ్మ పోయిన రోజు నుంచి వంటింటి గోడ మీద రోజుకో బొగ్గు గీత గీశాను కనుక ఇందులో పొరపాటుకు చోటు లేదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మా ఇల్లు పట్టిసీమకు దగ్గర్లో, గోదావరి గట్టు కింద ఉండేది. వేట అంటే మాకు చేపల వేటే.

తెల్లవారి తాతయ్య వల భుజాన వేసుకునేసరికి నాయనమ్మ పెరటి వైపు నుంచి తిరిగివచ్చి, నిండు బిందెతో ఆయనకు ఎదురయ్యేది. వేటకు వెళ్ళే మనిషికి మంచి శకునం కావాలి కదా. అనుకోకుండా వచ్చినట్టు ఆవిడ, అప్పుడే చూసినట్టు ఆయన, ఇద్దరూ రోజూ నటించేవారు. ఆవిడ పోయాక తను ఎదురొస్తానని అమ్మ అంది. తాతయ్య వద్దన్నాడు. నాన్న ఒక్కడే నావ తీసుకుని వెళ్ళేవాడు. తాతయ్య వల చూరుకే వేలాడుతూ ఉండిపోయింది.

వేట సంగతి అలా ఉంచితే, ఆయన తిండి మా అందరికీ భయం పుట్టించింది. పూటకు మూడు ముద్దలు. నాలుగోది నేనెప్పుడూ చూడలేదు. రాత్రిళ్ళు నిద్ర లేదు. భుజం ఎముకలు చొక్కాలోంచి కనిపించేవి. కాంపౌండరు వచ్చి నాడి చూసి, "టానిక్కు ఇస్తానండి. ఆకలి మాత్రం నా దగ్గర లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇలాగే ఉంటే ఇంకో నెల కష్టమని గడప దాటాక నాన్నతో అనడం నేను విన్నాను.

ముప్పయ్యో గీత గీసిన రోజున, చేపలమ్ముకునే పక్కింటి అత్త బూడిదరంగు పిల్లిపిల్లను చంకలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"పిల్లిని తెచ్చావేంటే! వేటకెళ్ళే కొంప ఇది" అన్నాడు తాతయ్య.

"వేటకెళ్ళేవోళ్ళకి కదండి మావయ్యా పిల్లి గొడవ. తమరెళ్ళట్లేదుగా!"

అత్త పిల్లిని ఆయన మంచం మీద దించింది. తను పుట్టింటికి వెళ్తున్నానని, ఇది మహా మొండిదని, ఎదురుగా ఎవరైనా కూర్చుని తింటే తప్ప మెతుకు ముట్టదని, మాడి చస్తే ఆ పాపం ఆయనదేనని గబగబా చెప్పింది. అది పచ్చి అబద్ధం. అంతకు ముందు రోజే ఆ పిల్లి అత్త బుట్టలోంచి ఒంటరిగా మూడు చేపలు లాక్కుతినడం నేను లెక్కపెట్టాను. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు అత్త నా కాలి బొటనవేలు తొక్కింది.

ఆ పూట తాతయ్య విసుక్కుంటూనే పిల్లి ముందు కూర్చుని ఐదు ముద్దలు తిన్నాడు. వారం తిరిగేసరికి తొమ్మిది. పిల్లి ఆయన ఛాతీ మీద పడుకుని గురగురమంటుంటే, ఆ చప్పుడుకు ఆయన కూడా నిద్రపోయేవాడు. అత్త పుట్టింటి నుంచి వచ్చింది కానీ పిల్లిని అడగలేదు. పైగా, "దాని చేపలు మీరే చూసుకోండి, రోజూ నేనెక్కడ తెచ్చేది?" అంది.

నలభై మూడో రోజు పొద్దున తాతయ్య చూరు నుంచి వల తీసి భుజాన వేసుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో పిల్లి పెరటి వైపు నుంచి పరుగున వచ్చి, తోక నిక్కబొడుచుకుని సరిగ్గా ఎదురుగా నిలబడింది. మాలో అంతకన్నా చెడ్డ శకునం లేదు. పిల్లి ఎదురైతే వల దించి, మంచినీళ్ళు తాగి, ఆ పూటకు ఇంట్లో కూర్చోవాల్సిందే. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "వద్దులే నాన్నా, ఇవాళ్టికి మానెయ్" అంటూ నాన్న పిల్లిని తోలబోయాడు.

తాతయ్య నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దాని జోలికి పోకురా" అన్నాడు. "నాకు ఎదురొచ్చేవాళ్ళు ఇంట్లో మళ్ళీ ఒకళ్ళున్నారు."

వంగి దాని తల నిమిరి గట్టెక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఏడు చేపలతో తిరిగివచ్చాడు, అన్నీ చిన్నవే.

ఆ సాయంత్రం ఇక ఆగలేక అత్త చెప్పింది అబద్ధమని ఆయనకు చెప్పేశాను.

"తెలుసే. రెండో రోజే నేనటు తిరిగితే నా కంచంలోది కూడా లాగించేసింది" అని నవ్వాడు.

"మరెందుకు తిన్నావు తాతయ్యా?"

"తిను తిను అని అందరూ నా నెత్తిమీద నిలబడ్డారు. కూర్చుని నాతో తిన్నది అదొక్కటేనే."

మేమందరం ముప్పై రోజులు చేసిన తప్పేమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన ఆ తరువాత పదకొండేళ్ళు బతికాడు.

ఇప్పుడు నా ఇంట్లోనూ ఒక పిల్లి ఉంది. అది ఒళ్ళో పడుకున్న రోజున బీపీ తక్కువగా ఉంటోందని నేను రాసుకునే పుస్తకం చెబుతోంది. కానీ ఆ రోజుల్లో నేను కూడా కదలకుండా కూర్చుంటాను కనుక, ఆ గొప్పంతా పిల్లిదే అని తేల్చలేను. ఆ చిన్ననాటి రోజు నుంచి నాకు మిగిలింది వేరే ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే పరామర్శకు వెళ్తాను. తినండి, తినకపోతే ఒంటికి మంచిది కాదు అని మాత్రం అనను. రెండు కంచాలు పెట్టించి, వాళ్ళకు ఎదురుగా కింద కూర్చుని నా అన్నం నేను కలుపుకోవడం మొదలుపెడతాను. కాసేపటికి, తొందర చేయకపోతే, వాళ్ళే చెయ్యి కడుక్కుని వస్తారు.