రేవురాతికి చీర

మొన్న నరసరావుపేటలో మా బాల్కనీలోని బట్టల తాడు ఇనుప ఊచకు రాసుకుని రాసుకుని పీచు లేచి కనిపించింది. పాత చీర చించి ఊచకు చుడుతుంటే మనవరాలు నవ్వింది, "తెగితే కొత్తది కొనుక్కుందాంలే నాయనమ్మా" అని. తాడు తెగితే ఏమవుతుందో ఆ పిల్లకేం తెలుసు!

యుద్ధం రోజుల్లో మేము మాచర్ల అవతల కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లం. అమ్మ పుట్టిల్లు ఆవలి ఒడ్డున, నైజాంలో. రేవులో నిలువెత్తు రాయి ఒకటి పాతి ఉండేది, పడవను దానికే కట్టేవారు. తరతరాల తాళ్లు ఒరుసుకుని ఆ రాతికి గాడి పడింది. ఆ రాయే గంగమ్మని, గాడి ఆమె నడుమని, తాడు అక్కడే పడాలని మావాళ్ల నమ్మకం. రోజూ పసుపూ కుంకుమా పెట్టేవాళ్లే గానీ, గాడి అంచు పెచ్చు లేచి కత్తిలా ఉందని ఎవరికీ పట్టలేదు. మా నాయనమ్మకు పట్టింది. దేవుడి దగ్గరైనా నోరు ఊరుకోని మనిషి ఆవిడ. పడవ నడిపే ఆయన ఊరి వరసకు నాకు మామ. ఆయనతో, "ఒరేయ్, తాడు పీచులేస్తంది, రాయికి కాస్త గోనెపట్టా చుట్టరా" అనేది. ఆయన చెంపలేసుకునేవాడు. "గంగమ్మకు గోనె చుడతారా ఎవరన్నా? కళ్లు పోతయ్యి అత్తా!" కళ్ల మాట వచ్చేసరికి నాయనమ్మ కూడా వెనక్కి తగ్గేది.

ఆ ఏడు వానలకు నది ఎర్రగా పారుతోంది. నిండు నెలల అమ్మ పురిటికి బయల్దేరి పడవలో కూర్చుంది. మామ ఆమె పెట్టె ఎత్తుకోవడానికి ఒడ్డుకు దిగాడు. టప్పుమని చిన్న చప్పుడైంది, అంతే. చూస్తుండగానే పడవ జారిపోయింది. అమ్మ మావైపే చూస్తోంది. అరవలేదు. మామ పెట్టె అక్కడే పడేసి నీళ్లలోకి దూకాడు. పడవా ఆయనా మలుపు తిరిగి కనపడకుండా పోయారు. నాయనమ్మ నా చెయ్యి నలిగిపోయేట్టు పట్టుకుంది.

చాలాసేపటికి ఒడ్డు వెంబడి ఇద్దరూ నడిచి వచ్చారు; మామ ఈదుకుంటూ పోయి పడవను అందుకుని దిగువన ఒడ్డు పట్టించాడట. అంత కృష్ణలో కొట్టుకుపోయి వచ్చిన అమ్మ మొదట అన్న మాట, "అత్తయ్యా, కాసిని మంచినీళ్లు." మామ తెగిన తాడు కొసనే తిప్పి తిప్పి చూస్తున్నాడు. "పొద్దున్నే పసుపు పెట్టానత్తా, పొద్దున్నే..."

నాయనమ్మ అమ్మను ఇంట్లో పడుకోబెట్టి, తన పెట్టె తెరిచి ఉన్న ఒకే ఒక్క మంచి నేతచీర తీసింది. బట్టకు కరువొచ్చిన కాలం, ఒంటిమీద చీరకే నాలుగు అతుకులున్నాయి. రేవుకు పోయి, ఆ చీరను మడతలు మడతలుగా గాడి మీద మందంగా చుట్టింది.

"గోనె చుడితే కళ్లు పోతయ్యన్నావు. చీర పెడితే పోవుగా? ఇప్పుడు కట్టు తాడు. ఇది చిరిగితే ఇంకోటి పెడదాం, మనిషిని మాత్రం తేలేం."

ఊరు ఊరంతా బిత్తరపోయి చూసింది. తర్వాత ప్రతి వానాకాలం ముందు ఏదో ఒక ఇంటి నుంచి గంగమ్మకు చీర పోయేది. చీరలు చిరిగాయి గానీ, తాడు మళ్లీ తెగలేదు. అమ్మను ఆవలికి పంపే ధైర్యం ఎవరికీ చాలక తమ్ముడు మా ఇంట్లోనే పుట్టాడు.

తర్వాత ఆనకట్ట వచ్చింది, రేవూ రాయీ నీళ్లకిందికి పోయాయి. నాయనమ్మ పోయింది, అమ్మా పోయింది. ఇన్నేళ్లు ఇట్టే కొట్టుకుపోయాయి గానీ, అమ్మ అరవకుండా మావైపు చూసిన ఆ క్షణం మాత్రం ఒడ్డు వదిలి కదల్లేదు.