వియత్నాంలో ఎవరూ వెనక్కి పిలవలేదు

ఒక మనిషి తన పొట్ట తానే కొట్టుకోవాలంటే ఇంట్లో కూర్చుని కూడా కొట్టుకోవచ్చు. విమానమెక్కి, సముద్రం దాటి, పరాయి దేశంలో దుబాసీని పెట్టుకుని మరీ కొట్టుకున్నవాణ్ణి గోదావరిఖని మొత్తంలో నేనొక్కణ్ణే. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మధ్యలో ఒకటి రెండు చోట్ల నాకు నవ్వు రాదు. అక్కడ మీరు ఆగకండి, కానివ్వండి.

నా పేరు ఓదెలు. నాది రేడియం జాకెట్ల వ్యాపారం. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో, పవర్ ప్లాంట్లలో కాంట్రాక్టు పనివాళ్లు వేసుకుంటారే, లైటు పడితే పట్టీలు తళుక్కుమనే పచ్చ జాకెట్లు, అవే. అవి లేకుండా ఎవరినీ గేటు దాటనివ్వరు. బట్ట నేను కత్తిరించి ఇచ్చేవాణ్ణి. కనకక్క, ఆమెతో ఇంకో ఐదుగురు ఆడవాళ్లు తమ ఇళ్లలోనే కుట్టి ఇచ్చేవారు. జాకెట్టు చిరిగినా కనకక్క వేసిన కుట్టు ఊడదు. మొగుడు పోయాక ఆమె ఆ మిషన్ మీదే బిడ్డను నర్సింగ్ చదివిస్తోంది.

బండి ఇలా సాఫీగా నడుస్తుంటే నాకు ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. వియత్నాం ఎలా ఎదుగుతోందో, లోకమంతా అక్కడే ఎందుకు కుట్టించుకుంటోందో ఒక కుర్రాడు అద్దాల మేడ ముందు నిలబడి చెబుతున్నాడు. దూరపు కొండలు నునుపంటారు. మా ఊరికి దగ్గరి కొండలన్నీ ఓపెన్‌కాస్ట్ మట్టి కుప్పలే కాబట్టి, దూరాన ఏది కనబడినా మాకు నునుపే. సరిగ్గా అప్పుడే మా పక్కనే ఉన్న జైపూర్ పవర్ ప్లాంటులో పనిచేసే కాంట్రాక్టరు పెద్ద ఆర్డరు చెప్పాడు. ఓవర్‌హాలింగ్ మరమ్మతులు మొదలయ్యే రోజుకు వందల మందికి జాకెట్లు కావాలి. ఆ ఒక్క ఆర్డరు నిలబెట్టుకుంటే ఏటా అతని పని నాదే. పోగొట్టుకుంటే దుకాణానికి తాళమే.

బుద్ధున్నవాడైతే కనకక్క ఇంటికి పరుగెత్తేవాడు. నేనూ వెళ్లాను, ఇక కుట్టొద్దని చెప్పడానికి.

ఇంట్లో నా భార్య స్వరూప ముందే హెచ్చరించింది. వియత్నాంలో కుట్టించే బేరం కుదిరాక ఇక్కడ చెప్పుకోవచ్చు కదా అంది. వ్యాపారంలో వెనక దారి ఉంచుకునేవాడు ముందుకు పోలేడని నేను జవాబిచ్చాను. ఈ ముక్క కూడా ఆ వీడియోలోదే.

కనకక్క తగాదా పెట్టుకోలేదు. మిషన్ ఆపి, కళ్లద్దాలు తీసి, నా వైపు చూసింది.

“రేటు ఎక్కువైతున్నదంటే చెప్పు తమ్మీ. జర తగ్గిచ్చుకుంటం. పని మాత్రం బంద్ వెట్టకు.”

“రేటు ముచ్చట గాదక్క. లెవల్ ముచ్చట.”

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. ఆమె మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది. కుట్టిన జాకెట్లు మడతపెట్టి సంచిలో పెట్టి ఇచ్చింది. ఆ సంచి పట్టుకుని, లోకాన్ని గెలిచినవాడిలా బండి స్టార్ట్ చేశాను.

పదిహేను రోజుల తర్వాత హోచిమిన్ నగరంలో దిగాను. ఎటు చూసినా క్రేన్లు. పొద్దున చూసిన గోడ సాయంత్రానికి మరో మూరెడు లేచినట్టుండేది. నాకు దుబాసీగా లాన్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె ఇంగ్లీషులో అడిగేది, నేను గోదావరిఖని ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి, తక్కింది చేతులు చూసుకునేవి. ఫ్యాక్టరీ యజమాని మిన్ గారు సన్నగా, శుభ్రంగా, మెల్లగా మాట్లాడే మనిషి. నేను తెచ్చిన జాకెట్టును తిప్పి చూసి, కుట్టు మీద వేలు రాసి, ఇది ఎవరు కుట్టారని అడిగారు. మా ఊళ్లో ఒకామె అన్నాను. చాలా మంచి చెయ్యి అన్నారు. పాఠకులారా, దేవుడు మనిషిని హెచ్చరించడానికి ఇంతకంటే ఏం చేయగలడు?

తర్వాత మిన్ గారు రేటు చెప్పారు. ఓడ ఖర్చు కలిపినా నేను అనుకున్నదానికంటే తక్కువే. అనుకున్న రోజుకే సరుకు ఇస్తామన్నారు. లోపల నా ప్రాణం గంతులేసింది. అయితే మా దగ్గర మొదటి మాటకు ఒప్పుకున్నవాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు. అంగడిలో బర్రె బేరం చేస్తూ మా నాయన నేర్పిన విద్య ఒకటుంది. మొహం ముడుచుకోవాలి, వద్దు తియ్ అనాలి, లేచి నడవాలి. రెండో అడుగు పడేలోపు అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. పిలవకపోతే అతను అమ్మేవాడే కాదు.

నేను మొహం ముడుచుకున్నాను. వద్దు తియ్ అన్నాను. లాన్ కొంచెం తటపటాయించి, నిజంగా వద్దా అని అడిగింది. నిజంగానే వద్దన్నాను. ఆమె అదే చెప్పింది. మిన్ గారు లేచి నిలబడి, తల వంచి, ఇంత దూరం వచ్చినందుకు థాంక్సు చెప్పి, కాఫీ పొడి డబ్బా ఒకటి రెండు చేతులా ఇచ్చారు. తలుపు కూడా తానే తీసి పట్టుకున్నారు.

నడిచాను. ఒకటో అడుగు, రెండో అడుగు. పిలుపు లేదు. వీళ్ల లెక్క ఐదడుగులేమో అనుకున్నాను. ఐదూ అయ్యాయి. మెట్ల దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటూ కొంత కాలయాపన చేశాను. నావి లేసుల్లేని బూట్లని సగం ముడి వేశాక తెలిసింది. కింద గేటు దగ్గర మంచినీళ్లు అడిగి, మందు తాగినట్టు గుక్క గుక్కకూ ఆగి తాగాను. కాపలా మనిషి పాపం నేను టాక్సీ కోసం చూస్తున్నాననుకుని పరుగెత్తి ఒకదాన్ని ఆపి తెచ్చాడు. చివరికి పెన్ను మర్చిపోయానని మళ్లీ పైకి వెళ్లాను. మిన్ గారు సంతోషంగా వెతికి, నా పెన్ను కనబడక, తన పెన్నే ఇచ్చి పంపారు.

టాక్సీలో లాన్‌ను అడిగాను, ఆయన ఎందుకు పిలవలేదని.

“మీరు వద్దన్నారు కదా.”

“మా దగ్గర వద్దంటే ఇంకొంచెం తగ్గించమని అర్థమమ్మా.”

ఆమె నా వైపు తిరిగింది. “అయితే తగ్గించమనే అడగొచ్చు కదా?”

మా నాయన నేర్పిన విద్యలో ఆ పాఠం లేదు.

మరునాడు పొద్దున్నే పరుగెత్తుకుంటూ వెళ్లి, చెప్పిన రేటుకే ఒప్పుకుంటున్నానన్నాను. మిన్ గారు నిజంగానే బాధపడ్డారు. నిన్న సాయంత్రమే నా పనికి అనుకున్న మిషన్ల లైను కొరియా వాళ్లకు ఇచ్చేశారట, ఇక ఆరు నెలల దాకా ఖాళీ లేదట. అంత జోరుగా ఎదిగే దేశంలో నేను లేని లేసు కట్టుకునేంతసేపు కుర్చీ ఖాళీగా ఉంటుందా? మిగిలిన మూడు రోజులూ ఎక్కిన గుమ్మం ఎక్కకుండా తిరిగాను. ఎక్కడా నా తేదీకి కుదరదన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి చూసి నవ్వుతాం గానీ, పాపం అతనికి ఎలుకైనా దొరికింది.

ఇంటికి వచ్చి అంతా చెబితే స్వరూప కాఫీ పొడి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అంది, “గంత దూరం వోయి వద్దని చెప్పొచ్చినవా? గదేదో ఫోన్ల చెప్తే అయిపోతుండె.”

కాఫీ పొడి డబ్బా చంకన పెట్టుకుని కనకక్క ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. రేటు కాస్త పెంచుతాననాలి, బిడ్డ చదువు సంగతి అడగాలి. గడపలోకి వెళ్లేసరికి ముందు గదిలో మూడు మిషన్లు ఆడుతున్నాయి. నేల నిండా పచ్చ జాకెట్లు.

“అక్కా, జైపూర్ ఆర్డర్ ఒకటి ఉన్నది” అని మొదలుపెట్టాను.

“గదే కుడుతున్నం తమ్మీ.”

కాంట్రాక్టరు నా దుకాణానికి రెండుసార్లు వచ్చాడట. తాళం చూసి, ఫోన్ కలవక, ఈ జాకెట్లు కుట్టేదెవరని పక్క దుకాణంలో అడిగి నేరుగా ఇక్కడికే వచ్చాడట. ఆమె గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

“నాకొక్క మాట చెప్పాల్సింది గదక్క.”

“నువ్వు వద్దన్నవ్ గద. నువ్వన్న మాటనే పట్టుకున్నం.” దారం తెంపుతూ మెల్లగా అంది. “పది రోజులు కూలికి వోయినం తమ్మీ. నాట్లకు. వంగి వంగి నడుములు వోయినయ్. ఫీజు కట్టుడు లేటైందని నా బిడ్డ ఫోన్ల ఏడ్శింది.”

ఇక్కడ నాకు నవ్వు రాదని మొదటే చెప్పాను. రేటు తగ్గించుకుంటామని ఆ మనిషి అంటే లెవల్ అన్నాను. తప్పైందక్కా అన్నాను. ఆమె తల ఊపింది. క్షమించినట్టా, విన్నట్టా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. కాఫీ పొడి డబ్బా అక్కడ పెట్టి లేచాను. ఈసారి నిజంగా వెళ్లిపోదామనే లేచాను. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

“ఓదెలూ, పట్టీలు కత్తిరిచ్చేటోళ్లు దొరుకుతలేరు. నీకు చెయ్యి తిరిగిన పనే గద. పీసు లెక్కన ఇస్త. చేస్తవా?”

రేటు చెప్పింది. చాలా తక్కువ. మొదటి మాటకే ఒప్పుకున్నాను.

కాబట్టి అగ్నిసాక్షి దొరకక, ఇస్త్రీ పెట్టె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. కావలసినదాన్ని ఇక ఈ జన్మలో వద్దనను. నాకోసం పనిచేసే మనిషితో ఆ మాట బేరానికి కూడా అనను. ఈ మాట తప్పితే నా జాకెట్టుకు పట్టీ మెరవకుండు గాక. ఇక ఉంటాను, కనకక్క ఇటే చూస్తోంది, ఇంకా రెండు వందల పట్టీలు కత్తిరించాలి.