చెప్పేలోపే చచ్చిపోయే పెద్దాయన

డబ్బింగ్ స్టూడియోలో అందరూ ఆయన్ని ఎదురుగా బాబాయ్ అనేవారు, వెనక చావు బాబాయ్ అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ముప్పై ఏళ్లపాటు బస్టాండు మైకులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంత ఆలస్యంగా కదులుతుందో చెప్పిన గొంతు ఆయనది. రిటైరయ్యాక స్టూడియో యజమాని ఆ గొంతును గుర్తుపట్టి, పరాయి భాషల సినిమాల్లో ముసలివాళ్లకు మాట ఇవ్వమన్నాడు. ఎనిమిదేళ్లుగా ఇస్తూనే ఉన్నాడు. చిక్కల్లా, ఆ ముసలివాళ్లలో ఒక్కడూ ఇంటర్వెల్ దాటి బతకడు.

మామూలుగా పోయినా ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు. ప్రతివాడికీ ఏదో ఒక రహస్యం తెలిసి ఉంటుంది. దాన్ని చెప్పబోయి, సగం వాక్యంలో తల వాల్చేస్తాడు. బస్టాండులో ఒక్క వాక్యాన్నైనా మధ్యలో వదలని మనిషికి ఇది గొంతులో ముల్లులా ఉండేది. "ఐదో నంబరు ప్లాట్‌ఫాం మీదికి రాబోయే బస్సు అని ఆపేస్తే జనం ఊరుకునేవాళ్లా?" అని వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాడు.

అలాంటి సమయంలో తోడేలు మనిషి సినిమా వచ్చింది. పాడుబడ్డ కోట, తెరిపివ్వని వాన, రెండు వందల ఏళ్లుగా ఊరిని పీక్కుతింటున్న మృగం, దాన్ని వేటాడటానికి పొడుగు కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చిన వీరుడు. కోట పక్క మఠంలో ఉండే ముసలి సన్యాసి బాబాయ్ వంతు. ఆయన కాగితాలు రెండుసార్లు చదివి, మాటలు రాసే అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఏమ్మా, ఈ సన్యాసికి మృగాన్ని ఎలా చంపాలో తెలుసా, తెలీదా?"

"తెలుసు బాబాయ్."

"వీరుడు వచ్చాడు. సన్యాసి కూర్చోబెట్టాడు. వేడి వేడి సూపు పోశాడు. కోట ఎవరు కట్టారో చెప్పాడు, తన చిన్నప్పటి కుక్క సంగతి కూడా చెప్పాడు. మొత్తం నాలుగు పేజీలు! ఆ ఒక్క ముక్క చెప్పడానికి వీడికేం రోగం?"

ఆ అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చెబితే సినిమా నలభై నిమిషాల్లో అయిపోతుంది బాబాయ్. నన్నేం చెయ్యమంటారు?"

రికార్డింగు మొదలైంది. తెరమీద మృగం సన్యాసి మెడ కొరికింది, వీరుడు ఒళ్లోకి తీసుకున్నాడు. "దాన్ని చంపాలంటే... దాన్ని..." అని బాబాయ్ ప్రాణం విడిచాడు. మళ్లీ విడవమన్నారు. పదకొండోసారికి అద్దానికి అవతలనుంచి సౌండ్ ఇంజనీరు, "బాబాయ్, ఇంకాస్త రక్తం కక్కండి, చాలట్లేదు" అన్నాడు.

బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకు తగిలించాడు. "మెడ తెగినవాడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు, అసలు మాట దగ్గరికొచ్చేసరికి దగ్గొస్తుంది. నావల్ల కాదు నాయనా. ఇవాళ్టికి నన్నొదిలెయ్" అని చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆయన వెళ్లేసరికి బఠాణీలు ఒలుస్తోంది. మొన్న ఆయన స్నానాల గదిలో చావు సాధన చేస్తుంటే పక్కింటివాళ్లు కంగారుపడి తలుపు బాదారు. ఆవిడకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఆయన గోడంతా విన్నది.

"ఇరవై ఆరేళ్లు వార్డులో ఉన్నాను. పోయేముందు రహస్యం చెప్పినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదండీ."

"మరేం చెబుతారు?"

"ఏం చెబుతారు, దిండు సర్దమంటారు. ఒక పెద్దాయన ఉండేవాడు. ఏం చెబుతాడో అని ముగ్గురు కొడుకులూ మంచం చుట్టూ చెవులు రిక్కించి నిలబడ్డారు. కిటికీ వెయ్యండ్రా, చలేస్తోంది అన్నాడు. పెద్దకొడుకు వెళ్లి వేసొచ్చేలోపు ఆయన పోయాడు." ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "సిస్టరుగారూ, నేను వేసినట్టు నాన్నకి తెలిసిందంటారా అని అడిగాడు ఆ అబ్బాయి. ఆ అబ్బాయికే యాభై ఏళ్లుంటాయి."

"నువ్వేమన్నావ్?"

"తెలిసిందన్నాను. ఇంకేమనమంటారు?"

మర్నాడు పొద్దున్నే బాబాయ్ స్టూడియోకు వెళ్లి, ఆ కిటికీ మాట సన్యాసి చేత అనిపించమన్నాడు. అమ్మాయి ఆ దృశ్యాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. వీరుడి కోటు చెయ్యి అడ్డొచ్చి సన్యాసి నోరు కొంతసేపు కనబడదు. అక్కడ ఏ మాటైనా పడుతుంది. ఆమెకు హుషారొచ్చింది. యజమానికి మాత్రం ఒళ్లు మండింది.

"జనం భయపడటానికొస్తారయ్యా పెద్దాయనా! మృగం ఊరిమీద పడుతుంటే వీడికి కిటికీ కావాలా?"

"చలేస్తే ఎవరికైనా కావాలి. ఒక్కసారి చెబుతాను, వినండి. నచ్చకపోతే మీ దగ్గూ రక్తమూ మీకే ఇచ్చేస్తాను."

ఆయన దగ్గలేదు, మూలగలేదు. ఎదురుగా ఉన్న కొడుకును అడిగినట్టు, కాస్త మొహమాటంగా, "కిటికీ వెయ్యి బాబూ, చలేస్తోంది" అన్నాడు. ఇంజనీరు రికార్డింగు ఆపడం మరిచిపోయాడు. యజమాని గడ్డం గోక్కున్నాడు.

"బాగానే ఉంది. ఉంచండి. కానీ దాని తర్వాత 'దాన్ని చంపాలంటే...' అని కూడా చెప్పి పొమ్మనండి."

"అయ్యా, ఆ ఒక్క మాటతో పోనివ్వండి!"

"సినిమా నాదా, మీదా?"

గంటసేపు వాదించుకున్నారు. చివరికి బాబాయ్ పళ్లు నూరుకుంటూ, కిటికీ వేయించుకుని, "దాన్ని చంపాలంటే..." అని, పోయాడు.

సినిమా విడుదలైన వారం, మధ్యాహ్నం ఆటకు భార్యను తీసుకెళ్లాడు. హాలు సగం నిండింది. సన్యాసి కిటికీ మాట అన్నప్పుడు, ఏదో చప్పుడు విన్న వీరుడు అటువైపు తల తిప్పాడు. చూసేవాళ్లకు కిటికీకేసి చూసినట్టే ఉంది. ముందు వరసలో ఎవరో పెద్దావిడ, "అయ్యో, వెయ్యరా!" అని పైకే అనేసింది. బాబాయ్ భార్య ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

వెంటనే "దాన్ని చంపాలంటే..." వచ్చింది. సన్యాసి తల వాలింది. "చెప్పి చావవయ్యా!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. హాలంతా గొల్లుమంది.

"విన్నావా? ఎనిమిదేళ్లుగా నేననేదీ ఇదే" అని బాబాయ్ కుర్చీలో కుతకుతలాడిపోయాడు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. భార్య కొంగుతో మొహం తుడుచుకుని, "అది సరేగానీ, ఆ కోటు ఆయన అంత వానలో తిరిగాడు, గోడలమీదినుంచి దూకాడు, మృగంతో దొర్లాడు. నెత్తిమీద టోపీ ఒక్కసారీ పడలేదేమండీ?" అంది.

"నన్నడుగుతావేమే! నేను అప్పటికే పోయానుగా!" అన్నాడు బాబాయ్.