మత్తు డాక్టరు గారి తూకం

మాది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు. మొదట చెప్పిన ధరకి మా ఇంట్లో ఎవరూ ఏదీ కొనరు. నేనైతే బేరమాడకుండా తెచ్చుకున్న చొక్కా ఒంటికి నప్పదనుకునే రకం.

సెల్‌ఫోన్లు కొత్తగా కొనుక్కుంటున్న రోజుల్లో, మా ఆరేళ్ల అమ్మాయికి టాన్సిల్స్ తీయించడానికి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కోత గురించి నాకు బెంగ లేదు. మత్తంటేనే భయం, నిద్రపుచ్చిన పిల్ల మళ్లీ లేస్తుందా అని. ఆ మాట పైకి అనలేక బేరం మొదలుపెట్టాను.

ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు గారు గదికి వచ్చారు. పిల్ల బరువు చూసి, పొద్దున్న ఏమీ పెట్టొద్దని చెప్పారు. ఈలోగా అది మా కొట్టు సంగతంతా ఆయనకి చెప్పేసింది.

"పిల్ల సన్నగా ఉంటుందండీ, మందు కాస్త తగ్గించి వేయండి" అన్నాను.

"మీ కొట్లో తూకం తగ్గించి ఇస్తారా అండీ?" అన్నారాయన.

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పోనీ, నిద్రపట్టేదాకా వాళ్లమ్మని ఆపరేషన్ గదిలో ఉండనివ్వమన్నాను. ఇక్కడ ఆ అలవాటు లేదన్నారు. ఇక నా ఆఖరి విద్య తీశాను. "అయితే వస్తామండీ" అని సంచి పట్టుకుని బయల్దేరాను. ఏ కొట్టువాడైనా నాలుగడుగులు వేసేలోపు వెనక్కి పిలుస్తాడు. వరండా చివరిదాకా వెళ్లాను. మెట్ల దగ్గర ఆగి చెప్పు సవరించుకున్నాను. ఎవరూ పిలవలేదు.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ మంచం మీంచి కదల్లేదు. డాక్టరు గారు పిల్ల పక్కన కూర్చుని, మాస్కులోకి ఎలా ఊదాలో చూపిస్తున్నారు. అమ్మ పక్కనుంటే ఏడవనని అది మాటిచ్చిందట, ఆయన సరేనన్నారట. ఆ మీదట, లేచేసరికి కూడా అమ్మ ఉండాలని కొసరు అడిగిందట. అదీ ఇచ్చారు.

"ఏవండీ, ఎక్కడికెళ్లారు?" అంది మా ఆవిడ, అన్నీ తెలిసే.

"మంచినీళ్లకి" అన్నాను, సంచి కిందపెడుతూ.

మర్నాడు పిల్ల వాళ్లమ్మ బొటనవేలు పట్టుకుని లోపలికెళ్లింది. కాసేపటికి మా ఆవిడ ఒక్కతే వచ్చింది. బుడగ ఊదినట్టు ఊదుతూ నిద్రపోయిందిట, ఏడవలేదుట. నేను బెంచీ మీద కూర్చున్నాను. చిన్నతిరుపతి వెంకన్నతో బేరమాడదామన్నా నోరు పెగల్లేదు.

చివరికి డాక్టరు గారే తలుపు తీసుకుని వచ్చారు.

"లేస్తోందమ్మా, రండి. మాటిచ్చాం కదా."

తలుపు సందులోంచి బొంగురుగా "అమ్మా" అని వినపడింది. ఆయన నావైపు తిరిగారు.

"తూకం సరిపోయిందా అండీ?"

"సరిపోయిందండీ" అన్నాను.

అవతలివాళ్ల తూకానికి ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు. లోపలికి పరిగెడుతున్న మా ఆవిడ కూడా ఒక్కక్షణం ఆగి, వెనక్కి తిరిగి చూసింది.