నలభై అక్షరాలు తక్కువ

మొగిలిని ఎవరైనా అమాయకుడంటే నాకు ఒళ్ళు మండుతుంది. అతను అమాయకుడు కాదు. మేమంతా కలిసి ఇరికించాం, అంతే.

తొంభై తొమ్మిదిలో, మాదాపూర్‌లో కొత్త భవనాలు లేస్తున్న రోజులవి. మా కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ఎవరికీ తెలియదు. చేరేటప్పుడు రెండేళ్ళ బాండు రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ మేనేజరు నరసింహమూర్తి గారి బీరువాలో పెట్టేవారు. అప్పట్లో అది మామూలే. నేనూ ఇచ్చాను. మొగిలి బాండు ముగిసి మూడు నెలలైనా సర్టిఫికెట్లు మాత్రం బయటికి రాలేదు.

అతనిది బోరబండ. ఆదివారాలు డాబా మీద పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. ఆఫీసులో నోరు విప్పని మనిషి పాఠం మాట వస్తే ఆగేవాడు కాదు. నిజామాబాద్ వైపు ఒక పాలిటెక్నిక్‌లో లెక్చరర్ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాడు. సోమవారం పదింటికల్లా ఒరిజినల్స్ పట్టుకుని రమ్మన్నారు. జిరాక్సులు చెల్లవని కింద గీత గీసి మరీ రాశారు.

మంగళవారం వెళ్ళి అడిగాడు.

"ఇస్తానయ్యా, నేనేమన్నా తింటానా వాటిని?" అన్నారు నరసింహమూర్తి గారు. "ఆ ఇంగ్లండ్ వాళ్ళ గొడవ ఒక్కటీ తేల్చెయ్. శనివారం పట్టుకెళ్దువు గాని."

ఆ ఇంగ్లండ్ వాళ్ళు పైపులు, కుళాయిలు అమ్మేవాళ్ళు. వాళ్ళ గోడౌన్లలో కంప్యూటర్లు వాళ్ళదే పెద్ద కంప్యూటర్ని, అంటే సర్వర్‌ని, అడిగి ఆర్డర్లు తెచ్చుకోవాలి. అలా అడిగి తెచ్చే ప్రోగ్రాం ముక్క, మా భాషలో లైబ్రరీ, మొగిలి రాసిందే. సర్వర్ ఎన్ని అక్షరాలు పంపుతుందో ముందే చెప్పి, అన్నీ పంపాలి. ఈ సర్వర్ ఒక్కోసారి ఎనిమిది వందలని చెప్పి, ఏడు వందల అరవై పంపి ఊరుకునేది. మొగిలి ప్రోగ్రాం మిగతా నలభై కోసం చూస్తూ కూర్చునేది. స్క్రీన్ బిగుసుకుపోయేది.

బుధవారానికి సరిచేశాడు. ముప్ఫై సెకన్లు చూసి, ఆ సగం జవాబు పారేసి, 'సర్వర్ జవాబు సరిగా లేదు, మళ్ళీ అడగండి' అని చూపించేలా రాశాడు. తక్కువొచ్చిన ప్రతిసారీ ఒక ఫైల్లో నమోదయ్యేలా కూడా పెట్టాడు. నేను టెస్టర్ని. పరీక్షించాను, భేషుగ్గా ఉంది.

పంపిన రెండు గంటలకే ఫోన్. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. క్లయింట్‌తో నరసింహమూర్తి గారొక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళం బల్ల చుట్టూ కూర్చుని వినాలి. తప్పు వాళ్ళదైనా వాళ్ళదని అనకూడదు. మా సర్వర్‌నే తప్పు పడతారా అని అటునుంచి గద్దించారు. మొగిలి ఒక కాగితం మీద 'సర్వర్‌దే తప్పు, రుజువుంది' అని రాసి ముందుకి జరిపాడు. ఆయన ఆ కాగితం బోర్లించి, పొరపాటు మాదేనని క్షమాపణ చెప్పేశారు.

"సార్, వాళ్ళే తక్కువ పంపుతున్నరు. మనమేం జేస్తం?" అన్నాడు మొగిలి ఫోన్ పెట్టాక.

"వచ్చినంత తీసుకో, మిగతాది ఖాళీలతో నింపెయ్. ఆ బోడి మెసేజ్ కనపడకూడదు. తక్కువొచ్చిందని రాసుకునే ఫైలు కూడా తీసెయ్, వాళ్ళ కంట పడుతుంది."

"ఆర్డర్ల ఆఖరి సామాను పోతది సార్. ఎవలకు తెల్వది కూడా."

"నీకు సోమవారం పనుందా, లేదా?"

మొగిలి నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. నా కాగితాలూ ఆ బీరువాలోనే ఉన్నాయి మరి. సిగ్గులేని మొహం నాది.

గురువారం ఆ పని చేశాడు. 'పాస్' అని సంతకం పెట్టింది నేనే.

"ఫికర్ జెయ్యకక్కా," అన్నాడు, నన్నే ఓదారుస్తూ. "సోమారం దాటితే పిల్లల ముందట ఉంట. ఆడ తప్పును తప్పే అంట."

శనివారం ఇస్త్రీ చొక్కాతో, సర్టిఫికెట్లు పెట్టుకోవడానికి కొత్త ఫైలుతో వచ్చాడు. అప్పటికే ఇంగ్లండ్ నుంచి ఫ్యాక్స్ వచ్చి ఉంది. రెండు రోజుల్లో అరవై ఆర్డర్లలో ఆఖరి సామాను లేదు. సర్వర్ అంతా సరిగానే పంపిందట. తప్పు మీ ప్రోగ్రాందేనట.

"కాదనడానికి రుజువేదీ?" అన్నారు నరసింహమూర్తి గారు.

"మీరే తీసెయ్యమన్నరు గద సార్."

"కోడ్‌లో ఎవరి పేరుందయ్యా? తేలేదాకా కదలడానికి వీల్లేదు."

ఈసారి నేను లేచాను. తీయించింది మీరేనండి, నేను విన్నాను అన్నాను. ఆయన నా సంతకం ఉన్న కాగితం తీసి నా ముందు పెట్టారు. మళ్ళీ కూర్చున్నాను.

తక్కువొస్తే ఫైల్లో రాసుకునే భాగాన్ని మొగిలి ప్రోగ్రాంలో తిరిగి పెట్టి ఎదురుచూశాడు. శనివారమంతా సర్వర్ బుద్ధిగా అన్నీ పంపింది. ఆదివారమూ అంతే. తప్పు చెయ్యవే అని మొక్కుకున్నాను, నవ్వుతారేమో.

సోమవారం పదింబావుకి అది ఎనిమిది వందలని చెప్పి ఏడు వందల అరవై పంపింది. మొగిలి ఫైల్లో పడిన ఆ వరస అచ్చు తీసి ఆయన బల్ల మీద పెట్టాడు. ఆయన చదివి, గడియారం చూసి, బీరువా తెరిచారు.

"తీసుకోవయ్యా. నేనెప్పుడన్నా ఇవ్వనన్నానా?"

పదింటికల్లా ఉండమన్న నిజామాబాద్ నాలుగు గంటల ప్రయాణం. మొగిలి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిప్పి చూసుకున్నాడు. తర్వాత వాటిని మళ్ళీ ఆ బల్ల మీదే పెట్టాడు.

"ఇగ మీ కాడనే ఉండనియ్యుండ్రి సార్," అన్నాడు. వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు.